78 దగ్గర ఆగిపోయిన ట్యాంకు

మంగళవారం, రాత్రి 11 గంటలు

పొద్దున ఆరున్నరకి ఫోను మోగింది. చంద్రగిరి పక్క పల్లెలో ఊరి ట్యాంకు చూసుకునే పెద్దాయన. "అమ్మా, మీ మిషను మోటారు ఆపలా. ట్యాంకు నిండి రాత్రంతా నీళ్లు పొర్లినాయి. కిందంతా బురద" అన్నాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది. ఆ ఊళ్లో ఎండాకాలం వస్తే బోరు గంటసేపు పోసి, మళ్లీ ఊరేదాకా ఆగుతుంది. బిందెలు వరసలో పెట్టి జనం కాచుకుంటారు. అలాంటి నీళ్లు, ట్యాంకు నిండగానే మోటారుని తనంతట తానే ఆపాల్సిన నా బోర్డు వల్ల ఒక రాత్రంతా కాలవపాలయ్యాయి.

"మిషను మీద నంబరు ఎంతుంది పెద్దాయనా?"

"డెబ్బై ఎనిమిదమ్మా."

"పొర్లేటప్పుడు ఎంతుండింది?"

"అప్పుడూ అదే. కదల్లా."

ట్యాంకు ఎంత శాతం నిండిందో చెప్పే అంకె అది. 95 శాతానికి మోటారు ఆగాలి. ట్యాంకు అంచు దాటి పోతుంటే బోర్డు 78 చూపిస్తోందంటే, దాని లెక్కలో ట్యాంకులో ఇంకా చోటుంది. మోటారుని ఎందుకు ఆపుతుంది?

ముందు మిగతా ఐదు ఊళ్లకీ ఫోన్లు చేశాను. మొత్తం 40 బోర్డులు చేయించాం, 6 బిగించేశాం, 34 మా అల్మరాలో ఉన్నాయి. రెండు రోజులు మోటార్లు చేత్తోనే ఆపుకోమని అందరికీ చెప్పాను. ఒకాయన "మాది బాగానే ఉండాదే" అన్నాడు. ట్యాంకు ఎప్పుడైనా నిండా నిండిందా అని అడిగితే, కరెంటు చాలక సగానికి మించి నిండనేలేదట. అందుకే బాగుంది.

మా దగ్గర సోల్డరింగ్ చేసే పుత్తూరు అమ్మాయి తొమ్మిదికి వచ్చింది. విషయం వినగానే "సెన్సరు పోయుంటాది అక్కా" అంది. నాకూ ముందు అదే తోచింది. కానీ పాడైన సెన్సరు సరిగ్గా ఒకే అంకె మీద రాత్రంతా నిలబడదు. అల్మరాలోంచి కొత్త బోర్డు ఒకటి తీసి, సెన్సరు బదులు ఒక పొటెన్షియోమీటర్, అంటే నాబ్ తిప్పితే వోల్టేజీ మారేది, తగిలించాం. సెన్సరు ఖాళీ ట్యాంకుకి 0.5 వోల్టు, 3 మీటర్ల నీళ్లకి 4.5 వోల్టులు ఇస్తుంది. ఆ అమ్మాయి నాబ్ తిప్పుతుంటే నేను మల్టీమీటర్ ముల్లు, సెన్సరు వోల్టేజీని ముందుకు పంపే చిప్పు ఒకటో పిన్ను మీద, అంటే అది బయటికి వచ్చే చోట పెట్టి చదివాను. 2.00. 3.00. 3.40. 3.60. 3.62. ఆమె ఇంకా తిప్పుతోంది, లోపలికి 4.40 పోతోంది, బయటికి 3.62 మాత్రమే వస్తోంది. డిస్‌ప్లే మీద 78. పెద్దాయన చెప్పిన అంకె.

తప్పు సెన్సరుది కాదు, ఎక్కడా ఏదీ కాలిపోలేదు. తప్పు పార్టుల జాబితాలో ఉంది. ఆ జాబితా రాసింది నేనే.

ఆ చోట ఉన్నది ఎల్‌ఎం358. ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవాళ్లందరూ మొట్టమొదట చేత్తో పట్టుకునే ఆప్ యాంప్, అంటే వచ్చిన వోల్టేజీని పెంచడానికో, ఉన్నదున్నట్టు ముందుకు పంపడానికో వాడే చిప్పు. 3 వోల్టుల నుంచి 32 వోల్టుల దాకా దేని మీదైనా నడుస్తుంది, మంచి చిప్పు. దాని అవుట్‌పుట్ కిందికి దాదాపు సున్నా దాకా దిగుతుంది. పైకి మాత్రం తనకిచ్చిన సప్లైకి సుమారు ఒకటిన్నర వోల్టు తక్కువలోనే ఆగిపోతుంది. మొదటి నమూనా బోర్డులో దానికి 12 వోల్టులు ఇచ్చాను, అప్పుడు 4.5 దాకా పోవడం దానికి ఒక లెక్కే కాదు. తర్వాత బోర్డు చిన్నది చేస్తూ ఆ చిప్పుని 5 వోల్టుల లైను మీదికి మార్చాను. సప్లై మార్చాను కానీ చిప్పు మార్చలేదు.

మరి పరీక్షలో ఎందుకు దొరకలేదంటే, మేం పరీక్ష చేసేది మేడ మీద గోడకి కట్టిన పీవీసీ పైపులో. దాని ఎత్తు 2 మీటర్లు. నిండా పోసినా సెన్సరు ఇచ్చేది 3.17 వోల్టులు. ఎల్‌ఎం358 అక్కడిదాకా చక్కగా పోతుంది. 40 బోర్డులూ ఆ పైపు దగ్గర పాసయ్యాయి.

"చిప్పు పీకేసి, లోపలి పిన్నుకీ బయటి పిన్నుకీ వైరు ముక్క వేసేస్తే పోలా అక్కా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఊళ్లో పొడుగాటి వైరు మీద పిడుగుల తాకిడి ఉంటుందని సెన్సరు దారిలో 100 కిలోఓమ్‌ల రెసిస్టరు, దాని పక్కన కెపాసిటరు పెట్టాను. మా బోర్డుకి మెదడులాంటి మైక్రోకంట్రోలర్ ఏటీమెగా328పీ. వోల్టేజీని అంకెగా మార్చే దాని ఏడీసీకి ముందు 10 కిలోఓమ్‌లో అంతకంటే తక్కువో ఉంటేనే మంచిదని చిప్పు చేసినవాళ్లిచ్చే వివరాల పత్రం, డేటాషీట్లోనే రాసి ఉంది. మధ్యలో బఫరు, అంటే వచ్చిన వోల్టేజీని తగ్గకుండా అలాగే ముందుకు పంపే చిప్పు, లేకపోతే అంకెలు నమ్మడానికి ఉండదు. పైగా ఆ చిప్పులో రెండో సగం మోటారు కరెంటు చూస్తోంది. బోరులో నీళ్లు లేకుండా మోటారు తిరిగితే ఆపేది అదే. దాన్ని పీకడానికి వీల్లేదు.

చిప్పుకి సప్లై వచ్చే ఎనిమిదో పిన్ను ట్రాక్ కోసి పాతలాగే 12 వోల్టులు లాగొచ్చు. అరగంట ఆలోచించాను దాని గురించి. కానీ రేపు సెన్సరు వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి దాంట్లోకి ఎక్కువ వోల్టేజీ వస్తే, ఆ చిప్పు 5 వోల్టులు దాటించి నేరుగా మైక్రోకంట్రోలర్ మీదికి తోసేస్తుంది. స్టార్టర్ పెట్టెలో మోటారుకి కరెంటు కలిపే కాంటాక్టరు పడ్డప్పుడల్లా అదురు ఉంటుంది, అంటించిన వైరు ఎన్నాళ్లు ఉంటుంది? వద్దనుకున్నాను.

కావలసింది అవే ఎనిమిది పిన్నులు, అదే వరస, 5 వోల్టుల మీద పైదాకా పోయే చిప్పు. మధ్యాహ్నం గాంధీ రోడ్డు వెనక సందులో ఎప్పుడూ కొనే షాపుకి వెళ్లాను. విషయం చెప్పగానే అన్న ఒక స్ట్రిప్పు తీసి కౌంటరు మీద పెట్టాడు. ఎల్‌ఎంవీ358. "ఇది తక్కువ వోల్టేజీ 358 మేడం. పిన్నుకి పిన్ను అదే. వందుండాయి, తీసుకోండి."

ఎంత హాయిగా అనిపించిందో. పేరూ అదే, పిన్నులూ అవే, ఊళ్లోనే దొరికింది. డబ్బులు తీస్తూ ఎందుకో ఫోన్లో డేటాషీటు తెరిచాను. అవుట్‌పుట్ పైదాకా పోతుంది, నిజమే. కానీ ఇంకో గడి ఉంది, ఇన్‌పుట్ ఎంతదాకా తీసుకుంటుంది అన్నది. 5 వోల్టుల సప్లై మీద 4 వోల్టుల దాకానే భరోసా. మాది బఫరు. లోపలికి ఎంత వస్తుందో బయటికి అంతే పోవాలి, కాబట్టి రెండు గడులూ ముఖ్యమే. 95 శాతం అంటే 4.3 వోల్టులు. దీన్ని వేస్తే 78 దగ్గర కాకుండా తొంభై దగ్గర ఎక్కడో ఆగేది. మోటారు ఆగేది కాదు. ఇంకా ఘోరం ఏమిటంటే, 2 మీటర్ల పైపులో ఇది కూడా పాసయ్యేది.

ఆ స్ట్రిప్పు వెనక్కి ఇచ్చేశాను. అన్న కాస్త చిన్నబుచ్చుకున్నాడు. ఎంసీపీ6002 ఉందా అని అడిగాను. ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ సప్లై అంచుల దాకా పోతాయి, 1.8 నుంచి 6 వోల్టుల మీద నడుస్తుంది, పిన్నుల వరస ఎల్‌ఎం358దే. 6 దాటితే పనికిరాదు, కానీ మాది 7805 అనే రెగ్యులేటర్ చిప్పు నుంచి వచ్చే 5 వోల్టులే. అన్న నిచ్చెనెక్కి పైఅరలో వెతికి, కాలేజీ పిల్లల ప్రాజెక్టుల కోసం తెప్పించినవి నాలుగు తెచ్చాడు. పొడుగుకాళ్లవి, డిప్ ప్యాకేజీ. మా బోర్డుకి కావలసింది చిన్నవి. అయినా పరీక్షకి చాలు. చిన్నవి 50 కావాలని అక్కణ్నుంచే చెన్నై రిచీ స్ట్రీట్ షాపుకి చెప్పాం. ఎల్లుండి బస్సు పార్సిల్లో వస్తాయి.

సాయంత్రం ఆ అమ్మాయి పాత చిప్పు తీసింది. నేను తీస్తే బోర్డు మీద కాళ్లు అతికే రాగి ప్యాడ్లు లేచిపోతాయి, ఆమె చేతికి లేవవు. చుట్టూ ఫ్లక్స్ రాసి, హాట్ ఎయిర్ ఒక్కచోట నిలపకుండా గుండ్రంగా తిప్పుతూ పోయింది. ట్వీజర్స్‌తో చిప్పుని ఊరికే తాకింది, లాగలేదు. ఎనిమిది కాళ్ల కింద లెడ్డు ఒకేసారి మెరిసి, చిప్పు తనంతట తానే కాస్త పక్కకి జరిగింది. అప్పుడు ఎత్తింది. కింద ప్యాడ్లన్నీ చెక్కుచెదరలేదు. వాటికి ఎనిమిది సన్న వైర్లు అంటించి, వాటి మీద కొత్త చిప్పుని నిలబెట్టింది.

మళ్లీ నాబ్. 3.40, 3.60. అక్కడ ఇద్దరం ఊపిరి బిగబట్టాం. 3.80. 4.00. 4.30కి రిలే టక్‌మంది. 4.49 దాకా పోయాక "చాలు" అన్నాను. చిప్పు తీసుకునే కరెంటు కూడా కొలిచాను, 200 మైక్రోఆంపుల దగ్గరే ఉంది. పైన పేరు చెరిపి కొత్త పేరు అచ్చేసినవి కూడా అమ్ముతుంటారు, పాత చిప్పైతే అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. చెన్నై నుంచి వచ్చే ప్రతి చిప్పుకీ ఈ కొలత తీయాలి.

పెద్దాయనకి ఫోన్ చేసి శుక్రవారం వస్తున్నామని చెప్పాను. "అట్లనే రామ్మా. అందాక రాత్రిపూట నేను ట్యాంకు కాడే పండుకుంటాలే" అన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి ఆయనకి. ఏం చెప్పాలో తెలీలేదు నాకు.

తిన్న తర్వాత మా ఆయనా నేనూ మేడ ఎక్కాం. ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. పాత పైపు మీద కప్లింగ్ పెట్టి, సొల్యూషన్ రాసి, ఇంకో మీటరున్నర ముక్క అతికించాను. ఇప్పుడది పిట్టగోడ దాటి ఆకాశంలోకి నిక్కింది. 3 మీటర్ల దగ్గర ఎర్ర టేపు చుట్టాను. సొల్యూషన్ ఆరాలి, పొద్దున దాకా నీళ్లు పోయకూడదు.