ఎనిమిది సెకన్ల టేపు, ఏడు అక్షరాల తాళం

ఇంగ్లండ్ సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ మూడో సోలో ఆల్బమ్ 'ద రేవెన్ దట్ రెఫ్యూజ్డ్ టు సింగ్' 2013 ఫిబ్రవరిలో వచ్చింది. ఆరు పాటలు, గంటకు కొంచెం తక్కువ. వింటుంటే 1970ల మొదట్లోని ఇంగ్లండ్ ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి పాటలు, మారే తాళాల రాక్) మళ్లీ ఊపిరి పోసుకున్నట్టుంటుంది. హన్మకొండలోనో కాజీపేటలోనో బ్యాండ్ పెట్టుకున్నవాళ్లు ఇది వినగానే మెల్లోట్రాన్ (టేపుతో మోగే పాత కీబోర్డు), హామండ్ (ఎలక్ట్రిక్ ఆర్గన్) శబ్దాలిచ్చే సాఫ్ట్‌వేర్ ప్లగిన్ల కోసం వెతుకుతారు. అవి కావాల్సినవే. కానీ ఈ ఆల్బమ్‌కు ఆ ఊపిరి ముఖ్యంగా వాయిద్యకారులంతా ఒకే గదిలో ఒకేసారి వాయించడం వల్ల వచ్చింది. ఖర్చు లెక్కన చూస్తే మనకు అన్నిటికంటే అందుబాటులో ఉన్నది కూడా అదే.

2012లో లాస్ ఏంజెలిస్‌లో రికార్డింగ్ జరిగింది. ఇంజినీర్ అలన్ పార్సన్స్, అంటే 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' రికార్డ్ చేసిన మనిషి. విల్సన్ కూడా అప్పటికే కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ పాత ఆల్బమ్‌ల మల్టీట్రాక్ టేపులు విప్పి మళ్లీ మిక్స్ చేసినవాడు. పాతవాళ్లు ఏ ట్రాక్‌లో ఏం పెట్టారో, ముఖ్యంగా ఎక్కడ ఏమీ పెట్టకుండా వదిలేశారో చేత్తో తడిమి చూశాడు. గిటార్ గత్రీ గోవన్, బేస్ నిక్ బెగ్స్, డ్రమ్స్ మార్కో మినెమన్, కీబోర్డులు ఆడమ్ హోల్జ్‌మన్, ఫ్లూట్, శాక్సఫోన్ థియో ట్రావిస్. మొదటి పాట 'లూమినల్' పన్నెండు నిమిషాలు. బేస్, డ్రమ్స్ ఉరుకుతూ మొదలై, సగానికి ముందే గొంతు తగ్గించుకుని, చివర మళ్లీ లేస్తుంది. ఆ లేవడం చెవికి ఆనాలంటే మధ్యలో పడిపోవడం నిజంగా ఉండాలి.

ముందు గది సంగతి. మన దగ్గర ప్రాక్టీసుకు దొరికేది సాధారణంగా 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉండే గది. కింద షాబాద్ బండలు, చుట్టూ సిమెంటు గోడలు. చప్పట్లు కొడితే 'ట్రింగ్' మని మోగుతుంది. దానికి వరంగల్ దర్రీలకు మించిన మందు లేదు. కొత్తవాడలో నేసే మందపాటి నూలు దర్రీ ఒకటి డ్రమ్స్ కింద పరిచి, రెండు గోడలకు నాలుగు వేళ్ల సందు వదిలి వేలాడదీయండి. సందు లేకుండా గోడకు అంటిస్తే పైపైన సిజ్జుమనే శబ్దం మాత్రమే తగ్గుతుంది. బేస్‌కు మాత్రం దర్రీ చాలదు. 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వైపు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దపు అల గోడల మధ్య నిలబడిపోతుంది. బేస్ గిటార్ మీద అవి కింది ఎఫ్ షార్ప్, ఏ స్వరాలు. ఆ రెండూ హోరెత్తి, పక్క స్వరాలు మాయమైతే అందరూ బేస్ వాయించేవాణ్ని తిడతారు. తప్పు గదిది. దూది పరుపులు చుట్టి నాలుగు మూలల్లో నిలబెడితే కొంత తగ్గుతుంది. బేస్‌ను యాంప్ ముందు మైకుతో కాకుండా డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మైకు లేకుండా పంపే చిన్న పెట్టె) ద్వారా నేరుగా తీసుకుంటే బేస్ ట్రాక్‌లో ఆ గొడవ ఉండదు.

డ్రమ్స్‌కు పది మైకులు అక్కర్లేదు, మూడు చాలు. ఒకటి స్నేర్‌కు (వాయించేవాడి ముందుండే చిన్న డ్రమ్ము) నేరుగా పైన, మీటరు ఎత్తులో. రెండోది ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబడే పెద్ద డ్రమ్ము) పక్కన, దాని అంచుకు జానెడు పైన, స్నేర్ వైపు చూస్తూ. మూడోది కిక్ (కాలితో కొట్టే డ్రమ్ము) ముందు. మొదటి రెండూ స్నేర్ మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. కంటితో అంచనా వేయకండి, దారం పట్టి కొలవండి. 34 సెంటీమీటర్ల తేడా వస్తే శబ్దం ఒక మైకుకు మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. స్నేర్ డొల్లగా, రేకు డబ్బా కొట్టినట్టు వినిపిస్తే కారణం చాలాసార్లు ఇదే. ఈక్యూ (మందర, తార శబ్దాల పాళ్లు మార్చే నాబ్) తిప్పితే పోదు.

ఇక తాళం. ఏడు లెక్క అనగానే భయపడేవాళ్లు ఉన్నారు కానీ, మిశ్ర చాపు తెలిసిన చెవికి అది ఇంటి సంగతే. తకిట తకధిమి, మూడు, నాలుగు. అయిదైతే తక తకిట. క్లిక్ ట్రాక్ (లెక్క చెప్పే టిక్ టిక్) పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ మొదటి దెబ్బకే ఒత్తు ఇస్తుంది, మిగతా ఆరూ ఒకేలా టిక్కుమంటాయి. వాయించేవాడికి లోపలి విరుపు దొరకక, మూడో బార్‌కే ఎనిమిదిలోకి జారిపోతాడు. దానికి బదులు ఎవరితోనైనా 'తకిట తకధిమి' అని పలికించి రికార్డ్ చేసి, దాన్నే గైడ్‌గా హెడ్‌ఫోన్లలో వినిపించండి. తేడా మొదటి టేక్‌లోనే తెలుస్తుంది. హెడ్‌ఫోన్లు చెవిని పూర్తిగా మూసేవి కావాలి, లేదంటే ఆ పలుకు డ్రమ్స్ మైకుల్లోకి కారుతుంది.

బేస్ ఏడులో, డ్రమ్స్ ఎనిమిదిలో నడిపితే ఇంకా బాగుంటుంది. 56 అక్షరాల తర్వాత రెండూ సమంలో కలుస్తాయి: బేస్‌కు ఎనిమిది ఆవర్తాలు, డ్రమ్స్‌కు ఏడు. నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీటుకు రెండక్షరాల చొప్పున, అది సరిగ్గా 14 సెకన్లు. ఆ కలిసే చోటే కొత్త స్వరం గానీ, కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మార్పు గానీ పెట్టండి. వేరేచోట పెడితే వినేవాడికి అది తప్పులా తోస్తుంది. నెమ్మది భాగం రాగానే గైడ్ ఆపేయండి. అక్కడ వేగం కొంచెం సాగాలి, గుంపు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించాలి.

మెల్లోట్రాన్ ప్లగిన్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటే, దాన్ని మామూలు స్ట్రింగ్స్ కీబోర్డులా వాయించడం. అసలు యంత్రంలో ఒక్కో కీ కింద ఒక్కో టేపు ముక్క ఉండేది. కీ నొక్కితే సుమారు ఎనిమిది సెకన్లు నడిచి ఆగిపోయేది, వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేది. అందుకే ముందు ప్లగిన్‌లో లూప్ (శబ్దం ఆగకుండా మళ్లీ మళ్లీ తిరగడం) ఆపేయండి. నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారకూడదు కాబట్టి వెలాసిటీని ఒకే అంకె దగ్గర బిగించండి. ఎనిమిది సెకన్లు దాటే కార్డ్ కావాలంటే వేళ్లన్నీ ఒకేసారి ఎత్తవద్దు. ఆరో సెకనులో ఒక స్వరం, ఏడో సెకనులో ఇంకోటి మళ్లీ నొక్కుతూ పోవాలి. పాత రికార్డుల్లో ఆ కార్డులు అలల్లా కదలడానికి ఇదొక కారణం. ఏడు కిలోహెర్ట్జ్ పైన కోసేసి, రివర్బ్ తక్కువ వేయండి. ఇంకో మాట, మెల్లోట్రాన్ మోగుతున్నంతసేపు హామండ్ ఊరుకోవాలి. రెండూ గిటార్ ఉండే చోటే కూర్చుంటాయి, మూడూ కలిస్తే బురద.

హామండ్‌కు మొదటి మూడు డ్రాబార్లు (శబ్దం రంగు మార్చే లాగుడు కడ్డీలు) పూర్తిగా బయటికి, మిగతా ఆరు లోపలికి. లెస్లీని (హామండ్‌తో వాడే తిరిగే స్పీకర్) మొత్తం పాటంతా వేగంగా తిప్పకండి. నెమ్మదిలోంచి వేగంలోకి ఎక్కే ఆ ఒకటి రెండు సెకన్లలోనే దాని అందమంతా ఉంది, దాన్ని పాట వాక్యం చివరికి దాచుకోండి.

గిటార్ గెయిన్ (శబ్దాన్ని డిస్టార్షన్‌లోకి, అంటే గరుకుదనంలోకి నెట్టే నాబ్) మీరు అనుకున్నదానిలో సగం చాలు. సెవెంత్, నైంత్ కార్డులు డిస్టార్షన్‌లో పడితే స్వరాల మధ్య కొత్త స్వరాలు పుట్టి, కార్డ్ ఏదో తెలియకుండా పోతుంది.

పాట విడుదలకు ముందు చేసే చివరి మాస్టరింగ్‌లో లిమిటర్ (గట్టి శబ్దాలను నొక్కి పట్టే పరికరం) రెండు డెసిబెల్స్ కంటే ఎక్కువ నొక్కకుండా చూడండి. చాలా స్ట్రీమింగ్ సర్వీసులు ఎలాగూ గట్టిగా ఉన్న పాటను, శబ్దం గట్టితనం కొలిచే లెక్కలో సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి దించేస్తాయి. నొక్కి గట్టి చేసినందుకు మిగిలేది చదునైపోయిన పాటే.

అయితే నొక్కకుండా వదిలితే నెమ్మది భాగాల్లో గది రొద బయటపడుతుంది. 50 హెర్ట్జ్ గుయ్యి వినిపిస్తూ, గిటార్ తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గితే ఎర్తింగ్ సరిగా లేకపోయి ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ సరిచేయించి, పరికరాలన్నీ ఒకే బోర్డు నుంచి పెట్టండి. ప్లగ్‌లో మూడో పిన్ను విరిచేసి గుయ్యి తగ్గించే చిట్కా జోలికి మాత్రం అస్సలు పోవద్దు, ప్రాణం మీదికొస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే గరగర తప్పదు. కరెంటు వచ్చేదాకా ఆగండి, లేదా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులను ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) దాని యూఎస్‌బీ మీదే నడపండి. మే నెలలో ఫ్యాన్ ఆపి గంటసేపు కూర్చోవడం ఎవరివల్లా కాదు. కాబట్టి గట్టి భాగాలు పగలు ఫ్యాన్ కిందే తీసి, ఫ్లూట్, పియానో ఉన్న నెమ్మది భాగాలు రాత్రి పదకొండు దాటాక, ఫ్యాన్ ఆపి విడిగా తీయండి.