మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య

పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారికీ, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్నవారికీ మళ్లీ నడక నేర్పించే వార్డులో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. కోనసీమ నుంచీ, ఇటు పాలకొల్లు, నరసాపురం వైపు నుంచీ వచ్చే పెద్దవాళ్లే మా దగ్గర ఎక్కువ. నడిపిస్తుండగా ఎక్కడ పడిపోతారోనని బంధువులు భయపడుతుంటారు గానీ, ఆ సమయంలో పక్కన మనిషి ఉంటాడు, రోగి నడుముకు బెల్టు ఉంటుంది. నేను ఎక్కువగా భయపడేది ఎవరూ చూడని వేళ, మంచానికీ బాత్రూమ్‌కీ మధ్యనున్న ఆ నాలుగడుగుల గురించి.

అక్కడ పడిపోవడానికి కాళ్లలో బలం లేకపోవడం ఎంత కారణమో, మొహమాటమూ అంతే కారణమని నా అభిప్రాయం. పగలంతా చాకిరీ చేసి మంచం పక్కన చాప మీద నిద్రపోతున్న కూతురిని లేపడానికి ఏ తండ్రికీ మనసొప్పదు. పగటిపూట “సాయం కావాలాండీ?” అని అడిగినా “ఆయ్, పర్లేదండి” అన్న జవాబే వస్తుంది. అందుకే “అవసరమైతే పిలవండి” అని చెప్పి వెళ్లిపోవడాన్ని నేను జాగ్రత్త కింద లెక్కవేయను. భోజనమయ్యాక, పడుకోబోయే ముందు, తెల్లవారుజామున మనమే వెళ్లి బాత్రూమ్‌కి తీసుకువెళితే ఆయన అడగవలసిన అవసరమే రాదు.

పడుకున్నవారు ఒక్కసారిగా లేచినప్పుడు రక్తపోటు పడిపోవడం మరో ముఖ్య కారణం. లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే దానిని లోపంగానే చూస్తారు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు దీనిని పెంచుతాయి. మన ఎండాకాలపు ఉక్కపోతలో చెమట రూపంలో పోయే నీరు దానికి తోడవుతుంది. నిద్రమాత్రల మత్తు సరేసరి. వీటిని సొంతంగా మానేయకూడదు గానీ, ఏ మాత్ర ఏ వేళకు వేసుకోవాలో డాక్టరు గారిని తప్పకుండా అడగాలి. లేచేముందు మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు పైకీ కిందకీ ఆడించి, కళ్లు తిరగడం లేదని తెలిశాకే నిలబడాలి.

మంచానికి రెండువైపులా కమ్మీలు ఎత్తి ఉంచమని చాలామంది అడుగుతారు. అయోమయంలో ఉన్న రోగి వాటిని ఎక్కి దాటబోతే మరింత ఎత్తు నుంచి పడతాడు కనుక, మంచం ఎత్తు తగ్గించి, చక్రాలకు బ్రేకులు వేసి ఉంచడమే మేలని నమ్ముతాను.

ఆస్ట్రేలియాలోని 8 పునరావాస వార్డులలో జరిగిన ఒక పరిశోధన 2015లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చింది. గ్రహణశక్తి బాగున్న రోగులతో ఒక్కొక్కరుగా కూర్చుని వారికున్న ప్రమాదాన్ని వివరించి, సిబ్బందికి కూడా శిక్షణ ఇచ్చినప్పుడు, వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి వార్డులో గడిపిన ఒక రోజు ఒక రోగి-దినం) పడిపోవడాలు 7.80గా నమోదయ్యాయి, ఆ శిక్షణ లేని కాలంలో అవి 13.78. ఖరీదైన యంత్రం ఏదీ లేకుండా, కేవలం మాట్లాడటంతో ఇంత తేడా వచ్చిందన్నది నాకు నచ్చిన విషయం. అయితే మెదడు కుడిభాగం దెబ్బతిన్న పక్షవాతంలో కొందరికి తమ ఎడమవైపు ఒకటుందన్న స్పృహే తగ్గిపోతుంది. అలాంటివారు “ఒంటరిగా లేవను” అని మాటిచ్చినా దాని మీద ఆధారపడకూడదు. పక్కన మనిషి ఉండవలసిందే.

ఇంటికి పంపేముందు ఒక చిన్న పరీక్ష చేస్తాం: కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. దానికి 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. చేతికర్ర బాగున్న కాలి వైపు చేతిలో ఉండాలనీ, దాని అడుగున రబ్బరు అరిగితే మార్చాలనీ అప్పుడే చెబుతాం.

అసలు చిక్కు ఇళ్ల దగ్గర వస్తుంది. మన పాత ఇళ్లలో బాత్రూమ్ దొడ్లో ఉంటుంది, వానాకాలమంతా దారిలో రాళ్లకు పాచి పడుతుంది. ఆ పాచి గీకించి, రాత్రంతా దీపం వెలిగేలా చూసి, అది కుదరని ఇంట్లో రాత్రిపూటకు మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టమంటాను. పంచె చీలమండల పైకి కట్టాలి, హవాయి చెప్పులు మానాలి. పసుపు రాసి బొట్లు పెట్టుకునే గడపను మాత్రం తీయించమని ఎవరినీ అడగను. ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా. గడపకు రెండు పక్కలా గోడకు నడుమెత్తున గట్టి ఇనుప కమ్మీలు బిగించి, బాగున్న కాలు ముందుగా వేసి ఎలా దాటాలో పంపేముందు మా వార్డులోనే సాధన చేయిస్తాను.