బోనాల నుంచి బతుకమ్మ దాకా నేల మీద

మేము నలుగురం కాపురముంటున్నది ఒక తెరచాప పడవలో. పొడవు 40 అడుగులకు కొంచెం తక్కువ. ఏడాదిలో ఎక్కువ భాగం అది మలేషియా వాయవ్య మూలన ఉన్న లంకావి దీవికీ, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌కూ నడుమ, ఆ దారిలో ఉన్న చిన్న దీవుల చాటున లంగరు వేసుకుని ఉంటుంది. ఆ రెంటి మధ్య దూరం దాదాపు 120 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 220 కిలోమీటర్లు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ ఈశాన్యపు గాలి నిలకడగా వీస్తుంది, వానలు తక్కువ, అలలు చిన్నవి. మే నెల వచ్చేసరికి గాలి నైరుతికి తిరుగుతుంది, అప్పటిదాకా చాటుగా ఉన్న రేవులు అలలకు ఎదురవుతాయి. సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, తర్వాత కొద్ది రోజులకు తెలంగాణకు వానలు తెచ్చేది కూడా ఆ నైరుతి రుతుపవనాలే. అందుకని అక్కడ మాకు పడవ నడపడం కష్టమయ్యే కాలమూ, ఇక్కడ హైదరాబాద్ చల్లబడే కాలమూ ఒకటే. పడవను యార్డులో నేల మీదికి ఎక్కించి, అడుగున పట్టిన గుల్లలు గీకించి, రంగు వేయించే పని అప్పగించి మేము మల్కాజిగిరిలోని మా అత్తగారింటికి వచ్చేస్తాం. బోనాలు, వినాయక చవితి, బతుకమ్మ, దసరా అన్నీ ఇక్కడే అవుతాయి. సంక్రాంతి, ఉగాది మాత్రం నీటి మీద.

అంతకుముందు మేము సింగపూర్‌లో ఉన్నాం. అక్కడ పిల్లలకు తెలుగు వారాంతపు తరగతిలో వచ్చేది, పండుగలు అద్దెకు తీసుకున్న హాలులో జరిగేవి. వాటిని నడిపేవాళ్ళ శ్రమ నాకు తెలుసు, వాళ్ళంటే గౌరవం. అయితే పడవలోకి మారాక నాకు బలంగా అనిపించిన మాట ఒకటుంది. పిల్లలకు ఒక భాష కానీ, ఒక ఊరు కానీ నిజంగా అందాలంటే ఆ భాషలో, ఆ ఊళ్ళో వాళ్ళు చేయవలసిన పని ఒకటి ఉండాలి, ఆ పని వాళ్ళు చేయకపోతే ఇంట్లో ఎవరికో ఇబ్బంది కలగాలి. పాటలు, పద్యాలు, పట్టుబట్టలు ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి.

పడవలో పనికి కొదవ లేదు. ఏప్రిల్ చివర, మేము ఇంకా లంకావి దగ్గరే ఉన్న రోజుల్లో, తెల్లవారుజామున సుమత్రా దీవి వైపు నుంచి హఠాత్తుగా ఈదురుగాలి వచ్చింది. ఆ ప్రాంతపు నావికులు వీటిని ‘సుమత్రాలు’ అనే పిలుస్తారు. పడమట నల్లటి మబ్బు గోడలా లేచిన కొద్ది నిమిషాలకే గాలి 35 నాట్లు (గంటకు సుమారు 65 కిలోమీటర్లు) దాటింది, మెరుపులు మొదలయ్యాయి. మావారు ముందు భాగానికి వెళ్ళి గొలుసు దగ్గర కూర్చున్నారు. లోతుకు కనీసం ఐదింతల గొలుసు నీళ్ళలో ఉంటే తప్ప అలాంటి గాలికి లంగరు నిలవదు. ఇంజను ఆన్ చేసి చుక్కాని దగ్గర నేను నిలబడ్డాను. మా చిన్నవాడికి ఎనిమిదేళ్ళు. ఫోన్లు, ట్యాబ్లెట్, చేతిలో పట్టుకునే రేడియో అన్నీ ఏరుకొచ్చి ఓవెన్‌లో పెట్టి తలుపు వేయడం వాడి పని, ఎందుకంటే పిడుగు పడితే ఆ లోహపు పెట్టె వాటిని కాపాడే అవకాశం ఉంది. మా అమ్మాయి లోతు చూపే మీటరు ముందు కూర్చుని ఒక్కో అంకే గట్టిగా చదువుతోంది: “ఆరు... ఆరు... ఆరున్నర... నాన్నా, జారుతున్నాం!” “ఇంకో పది మీటర్లు వదులుతున్నా, చూసి చెప్పు!” కాసేపటికి “ఆరు... ఆరు... పట్టింది నాన్నా, లంగరు పట్టింది!” అని అరిచింది. ఆ అరగంటా మా ఇంట్లో మాటలన్నీ తెలుగులోనే నడిచాయి, అందులో ఒక్కటీ నేర్పడం కోసం అన్నది కాదు.

వంటిల్లు కూడా అంతే. పడవ ఒరిగినా గిన్నెలు నిలకడగా ఉండేందుకు మా పొయ్యి రెండు ఇరుసుల మీద ఊగుతుంది. మూత బిగించిన కుక్కర్ ఒకవేళ పడినా పప్పు ఒలకదు కాబట్టి ప్రయాణంలో వంట ముప్పాతిక భాగం కుక్కర్‌లోనే అవుతుంది. మిక్సీ 750 వాట్లది. ఇన్వర్టర్ మీద తిప్పితే 12 వోల్టుల బ్యాటరీల నుంచి 60 ఆంపియర్లకు పైగా లాగేస్తుంది. అందుకని కొబ్బరి పచ్చడి అయినా, దోసెల పిండి అయినా ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, సోలార్ పలకలు నిండుగా పనిచేస్తున్నప్పుడే రుబ్బాలి. బ్యాటరీ అంకె చూసి “అమ్మా, ఇక రుబ్బుకో” అని చెప్పేది చిన్నవాడే, వాడు సరేననకపోతే ఆ పూట పచ్చడి ఉండదు. ఆ వేడికి పిండి సాయంత్రానికల్లా పులుస్తుంది. ఆవకాయకు ఫ్రిజ్ అక్కర్లేదు, చింతపండుకు అక్కర్లేదు, కందిపొడికి అక్కర్లేదు. మన వంటింటి సరుకుల్లో సగం దూర ప్రయాణానికే పుట్టాయా అన్నట్టుంటాయి.

ఇంత చెప్పాక, పడవ ఇవ్వలేనిదేమిటో కూడా చెప్పాలి. పడవ మనుషులను ఇవ్వదు. మా పిల్లలకు రోజంతా అమ్మా నాన్నా దొరుకుతారు, ఆ మేరకు వాళ్ళు అదృష్టవంతులే. పక్క పడవల్లో ఫ్రెంచి పిల్లలు, ఆస్ట్రేలియా పిల్లలు ఉంటారు. ఐదేళ్ళవాళ్ళూ పదిహేనేళ్ళవాళ్ళూ కలిసి ఆడుకుంటారు, ఊళ్ళో అది అంత తేలిగ్గా జరగదు. కానీ గాలి మారితే ఆ పడవలు తలా ఒక దిక్కుకు పోతాయి. పెద్దనాన్న కోపం, మేనత్త గారాబం, నానమ్మ ఊరికే కూర్చుని చెప్పే పాత సంగతులు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండానే తెలిసిపోయే చుట్టరికాలు, వీటిని ఇద్దరు మనుషులు ఎంత ప్రయత్నించినా పడవలోకి తేలేరు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఏటా నాలుగైదు నెలలు హైదరాబాద్‌లో ఉండే వీలు లేకపోయి ఉంటే నేను ఈ జీవితానికి ఒప్పుకునేదాన్ని కాదు.

అందుకే ఇక్కడికి వచ్చినప్పుడు పిల్లలను చుట్టాలుగా ఉండనివ్వం. మా అత్తగారు ఈ విషయాన్ని నాకంటే ముందే గ్రహించారు. ఇంటికి నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. సంపులో నీళ్ళు ఎంతున్నాయో చూడటం, నీళ్ళు వచ్చే వేళకు తాగేవి పట్టి పెట్టడం, మోటారు వేయడం, పైన ట్యాంకు నిండగానే ఆపడం, ఈ బాధ్యతంతా చిన్నవాడికి అప్పగించారు. సముద్రపు నీళ్ళతో ఒళ్ళు రుద్దుకుని చివర్లో రెండు చెంబుల మంచినీళ్ళు పోసుకునే పిల్లవాడు కనుక వాడికి నీళ్ళ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. మా అమ్మాయికి మామగారి పంచాంగం అప్పగింత. ఆయన నల్లగొండ జిల్లా రైతు కుటుంబంలో పుట్టి, ఉద్యోగం కోసం నగరానికి వచ్చినవారు. ఇప్పటికీ వానను కార్తెలతోనే లెక్కపెడతారు. పొద్దున్నే “గాలి ఎటు తిరిగింది బిడ్డా?” అని అడుగుతారు. అది ఫోనులో గాలి పటం తెరిచి బాణాలు చూపిస్తుంది. ఆయన పంచాంగం తిప్పి, “ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తయ్” అని, ఈసారి ఆరుద్రలో చినుకు పడిందో లేదో రాసి పెట్టుకోమంటారు. అలా ఇద్దరూ కలిసి నింపిన నోటుబుక్కు ఒకటి ఇంట్లో ఉంది.

నవంబరులో బంగాళాఖాతంలో తుపాను అన్న వార్త రాగానే ఆయన మాకు ఫోన్ చేస్తారు. మొదట్లో ఆ భయం తీర్చడం నా వల్ల కాలేదు. చివరికి తీర్చింది మనవరాలే. భూభ్రమణం వల్ల గాలికి కలిగే మెలిక భూమధ్యరేఖ దగ్గర చాలా బలహీనమనీ, అందుకే ఐదు డిగ్రీల లోపు తుపాన్లు పుట్టడం చాలా అరుదనీ, లంకావి ఆరు డిగ్రీల పైచిలుకు మాత్రమేననీ చెప్పింది. హైదరాబాద్ పదిహేడు డిగ్రీల పైన. ఆ తేడాను దసరా తర్వాత మబ్బులు విడిన ఒక రాత్రి డాబా మీద తాతకు చూపించింది. చేయి చాచి పిడికిలి పడితే అది ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. ధ్రువ నక్షత్రం ఇక్కడ పిడికిలిన్నర దాటి కనిపించింది. “మా పడవ దగ్గర పిడికిలి కూడా ఉండదు తాతా, నీళ్ళకు ఆనుకుని ఉంటది” అంది. అప్పటి నుంచి ఆయన ఫోన్లు ఆగలేదు కానీ, ముందుగా ఎన్ని డిగ్రీల దగ్గర ఉన్నారని అడుగుతారు.

అన్నీ ఇంత సాఫీగా సాగవు. పడవలో పిల్లలకు మొదట నేర్పే నియమం నీళ్ళలోకి ప్లాస్టిక్ ముక్క కూడా జారవిడవకూడదని. 1988 డిసెంబరు 31 నుంచి అది అంతర్జాతీయ సముద్ర నియమం కూడా. అలా పెరిగిన మా అమ్మాయి ట్యాంక్‌బండ్ మీద నిమజ్జనం చూసింది. ఆ జనం, ఆ కోలాహలం, క్రేన్ల కింద వరుసగా నిలిచిన విగ్రహాలు చూసి ఎంత సంబరపడిందో, నీళ్ళ మీద తేలుతున్న థర్మాకోల్, పూలకవర్లు చూసి అంత కలవరపడింది. ఇంట్లో మేము పూజించేది మట్టి వినాయకుణ్ణి, కలిపేది బకెట్‌లో, ఆ మట్టి తులసికోటకు. కాలనీ మండపంలో మాత్రం పెద్ద విగ్రహం ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌దే. ఆ మండపం కమిటీలో పెద్దవాళ్ళలో మా బావగారు ఒకరు. “పెద్దనాన్నా, ఇది తప్పు కదా?” అని అది నిలదీసినప్పుడు నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. బయటి నుంచి వచ్చిన పిల్ల ఇక్కడి పండుగను తప్పుపడుతోందని ఎవరైనా అనుకుంటారేమోనని నా భయం. ఆయన కోప్పడలేదు. “తప్పయితే నువ్వే వచ్చి కమిటీలో చెప్పు బిడ్డా, నేను కూర్చోబెడతా” అన్నారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలు ఆ పదార్థంతో చేసిన విగ్రహాలు వద్దంటున్నాయని అది చదువుకుని వెళ్ళి చెప్పింది. విగ్రహం ఆ ఏడు మారలేదు, తర్వాతి ఏడూ మారలేదు. కానీ నిమజ్జనానికి ముందు పూలు, బట్టలు, ప్లాస్టిక్ అలంకరణ అంతా విడదీసి మూటగట్టే పనిని కమిటీ కాలనీ పిల్లలకు అప్పగించింది, దాని పెత్తనం మా అమ్మాయికిచ్చింది. ఆ రోజు నుంచి అది “మా మండపం” అంటోంది. పండుగ దానిది అయింది కనుకనే దాని గురించి గొడవపడే హక్కు కూడా వచ్చిందని నేను నమ్ముతున్నాను.

హుస్సేన్‌సాగర్‌తో మా అమ్మాయికి ఇంకో బంధం కూడా ఉంది. ఆ చెరువులో సెయిలింగ్ నేర్పే క్లబ్బులున్నాయని హైదరాబాద్‌లో చాలామందికి తెలియదు. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ పొడవు రెండున్నర మీటర్ల లోపే, ఒక్కరే కూర్చుని నడపాలి. వానాకాలపు గాలి అక్కడ భవనాల మధ్య నుంచి విసురు విసురుగా వస్తుంది, సముద్రంలో పెరిగిన పిల్లను కూడా తిప్పలు పెడుతుంది. దానితో పాటు నేర్చుకునే పిల్లల్లో చాలామంది సామాన్య కుటుంబాల వాళ్ళు. మా ఇంట్లో రాని మాటలు, తెలుగూ దక్కనీ కలగలిసిన ఈ ఊరి మాటలు, దానికి వాళ్ళ దగ్గరే అబ్బాయి. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా నౌకాదళపు తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణి మీద ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ ఆమె, స్వాతి విశాఖపట్నం ఆమె. సముద్రం పరాయివాళ్ళదనీ, తెలుగు ఇంటికి మాత్రమే పరిమితమనీ మా పిల్లలు అనుకోకుండా ఉండటానికి ఆ రెండు పేర్లు నాకు చాలా ఉపయోగపడ్డాయి.

మలేషియాలో తెలుగువాళ్ళు మా కంటే ఎంతో ముందు వెళ్ళినవాళ్ళు. తోటల్లో పని కోసం బ్రిటిష్ కాలంలో ఉత్తరాంధ్ర వైపు నుంచి వెళ్ళిన కుటుంబాల వారసులు ఈనాటికీ తెలుగు మాట్లాడుతున్నారు. 1955లో సంఘం పెట్టుకున్నారు. ఉగాదికి మమ్మల్ని భోజనానికి పిలిచిన ఒక పెద్దావిడ మా పిల్లలను కూర్చోబెట్టి వడ్డించే పని చెప్పింది. ఆమె ఎన్నడూ ఆంధ్రా చూడలేదు, తెలంగాణా చూడలేదు.

చదువు గురించి బంధువులందరూ అడుగుతారు, అడగాలి కూడా. పొద్దున మూడు గంటలు పడవలోనే పాఠాలు. తర్వాతి మెట్టుకు మేము నమ్ముకున్నది జాతీయ సార్వత్రిక విద్యా సంస్థను. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతి స్థాయికి నమోదు కావచ్చు, తెలుగును ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే లోనూ, అక్టోబరు-నవంబరు లోనూ జరుగుతాయి. అమ్మాయికి వచ్చే ఏడు పద్నాలుగు నిండుతాయి. పరీక్ష హైదరాబాద్‌లోనే రాస్తానంటోంది, అక్టోబరు విడతకే రాస్తానంటోంది. అంటే ఈశాన్యపు గాలి మొదలై మేము పడవను నీళ్ళలోకి దించే వేళకు అది నానమ్మ దగ్గర ఉండిపోవాలి, పరీక్షలయ్యాక ఒక్కతే విమానంలో రావాలి. మావారికి మొదటి ప్రయాణంలో అది లేకుండా చుక్కాని దగ్గర ఒక మనిషి తగ్గుతారన్న ఆలోచన. నాది వేరే బెంగ. నానమ్మ దగ్గర ఉండటం అలవాటైతే పడవకు తిరిగి రావాలనుకోదేమోనని. రావాలనుకోకపోతే అది కూడా దాని ఇష్టమేనని మా అత్తగారు అంటున్నారు. అమ్మాయికి ఇంకా సరేనని చెప్పలేదు. ఈ బతుకమ్మ లోపు నలుగురం కూర్చుని తేల్చుకుంటామని మాటిచ్చాం.