లైబ్రరీ మావయ్య తర్వాత

పదకొండు దాటింది. అత్తయ్య మోకాళ్ల సంగతీ, మళ్లీ మొరాయించిన మోటారు సంగతీ రేపు రాస్తాను. ఇవాళ నన్ను తొలిచేస్తున్నది ఒకే ఒక్క మాట. సాయంత్రం మా రీడింగ్ రూమ్ వరండాలో, మేం లైబ్రరీ మావయ్య అని పిలుచుకునే మా లైబ్రేరియన్ గురించి కమిటీ పెద్దాయన అన్నారు: "మావయ్య మానేశాక ఇంకో మనిషిని పెట్టక్కర్లేదమ్మా. రెండు కంప్యూటర్లు పెట్టేస్తే సరి. ఇప్పుడన్నీ ఫోనే చెప్పేస్తోంది కదా."

ఆయన పరాయివారు కారు, చెడ్డవారు అసలే కారు. పైకప్పు కారుతుంటే సొంత డబ్బుతో రేకులు వేయించిన మనిషి. అలాంటాయన నోటి నుంచి వచ్చింది కాబట్టే ఆ మాట మింగుడు పడటం లేదు.

అసలు నేను వెళ్లింది చంటిగాడి పని మీద. స్కూల్లో ఊరి చరిత్ర మీద ప్రాజెక్టు చేయమంటే వీడు మన పర్లాకిమిడి చిన్న రైలును తీసుకున్నాడు. మా మామయ్యగారి, అంటే మా ఆయన నాన్నగారి దగ్గర విని విని వాడికి ఆ రైలంటే ప్రాణం. రాజావారి పూనికతో 1900లో నౌపడ నుంచి ఇక్కడికి పడిన లైను. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. బ్రాడ్ గేజి చేయడం కోసం 2004లో ఆ చిన్న రైలును ఆపేశారు. వీడు దాన్ని చూడనే లేదు. సరే, ఈ రైలు మీద తెలుగులో ఏ పుస్తకాలున్నాయని ఫోన్‌లో ఏఐని అడిగాడు. అడిగీ అడగ్గానే మూడు పేర్లు చెప్పింది. రచయిత, మద్రాసు ప్రచురణకర్త, అచ్చయిన సంవత్సరం, ఆఖరికి చిన్న రైలు ప్రస్తావన ఎన్నో పేజీలో ఉందో కూడా. వాడు అదంతా నీటుగా కాగితం మీద ఎక్కించుకుని, ఇక పుస్తకాలు తెచ్చుకోవడమే మిగిలిందన్న ధీమాతో వచ్చాడు.

మావయ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివారు. మొదటి పేరుకి టిక్కు పడింది. రెండో పేరు దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. "ఈ ప్రచురణకర్తలు ఉన్నారు. ఈ రచయితా ఉన్నారు, కాకపోతే ఆయన రాసింది వైద్యం మీద. మరి ఈ పుస్తకం ఎక్కడిదిరా నాన్నా?"

లేదు పొమ్మని పంపేయలేదు. మన రిజిస్టరు తిరగేశారు. కంప్యూటర్‌లో పెద్ద లైబ్రరీల కేటలాగులు వెతికారు. స్కాన్ చేసిన పాత పుస్తకాలున్న చోట అదే పేరును మూడు రకాల స్పెల్లింగులతో కొట్టి చూశారు. చాలాసేపు పట్టింది. అన్నీ చూశాక రెండో పేరు పక్కన, మూడో పేరు పక్కన పెన్సిల్‌తో 'లేదు' అని రాశారు. చంటిగాడి మొహం వాడిపోయింది. "పుస్తకం లేకపోతే మనుషులున్నార్రా" అని వెంటనే ఎవరికో ఫోన్ చేశారు. మా వెనక వీధిలోనే ఆ లైను మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన తాతగారు ఉన్నారట! ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న నాకే తెలీదు. ఆదివారం పొద్దున వీణ్ణి తీసుకుని వెళ్లాలి.

ఇదంతా అదే వరండాలో కూర్చుని చూసిన పెద్దాయనే, తర్వాత ఆ మాట అన్నారు.

ఫోన్ అబద్ధమాడిందని నేను అనను. దానికి అబద్ధం, నిజం అని రెండుంటాయని తెలిస్తే కదా. అది బీరువా తీసి చూసి చెప్పేది కాదు. ఏ మాట పక్కన ఏ మాట రావడం మామూలో లెక్కగట్టి వాక్యం అల్లుతుంది. తెలుగు పుస్తకం పేరు ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసు, ఆ పుస్తకం ఉందో లేదో తెలీదు. అందులోనూ మన చిన్న ఊళ్ల గురించి తెలుగులో ఉన్న సమాచారమే తక్కువ. ఖాళీ ఎక్కువున్న చోట అల్లికా ఎక్కువవుతుంది. అలాంటప్పుడు 'లేదు' అని చెప్పగలిగిన మనిషి విలువ పెరగాలా, తగ్గాలా?

అలాగని మావయ్యకి టెక్నాలజీ అంటే పడదనుకోకండి. ఈ ఊళ్లో దాన్ని ఆయనంత బాగా వాడేవాళ్లని నేను చూడలేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు ఒకప్పుడు వేలకొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు కదా. ఆ సైటు మూతపడినా చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికే ఉన్నాయి. అయితే పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కించినవాళ్లకి తోచిన స్పెల్లింగుల్లో ఉన్నాయి. దీర్ఘం ఉండాల్సిన చోట ఉండదు, లేని చోట రెండు 'ఏ'లు కనిపిస్తాయి. తెలుగులో పేరు కొడితే ఎన్నో దొరకవు. ఎవరి చెయ్యి ఎలా తప్పుతుందో ఊహించి వెతకడం మావయ్యకి అలవాటైపోయింది. గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక సవర గిరిజన అమ్మాయికి గిడుగు రామమూర్తి పంతులుగారి సవర నిఘంటువును అలాగే వెతికి ఇచ్చారు. పంతులుగారు మన ఊళ్లోనే బడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకున్నారు. 1936లో ఈ ఊరిని ఒడిశాలో కలుపుతున్నారని మనసు విరిగి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన చేసిన పని ఒక సవర పిల్ల చేతికి మళ్లీ ఇదే ఊళ్లో అందింది. అందించింది స్కానర్ కూడా, మావయ్య కూడా. ఎవరి పాలు ఎంతో నేను విడదీయలేను.

పాత అచ్చు పేజీని ఫోటో తీసి అక్షరాలుగా మార్చే ఓసీఆర్ కూడా ఆయన వాడతారు. 'థ' పొట్టలో చుక్క ఉందో అరిగిపోయిందో దానికి తేల్చుకోవడం రాదు. వత్తులు జారిపోతాయి, అరసున్న ఇంకేదో అయిపోతుంది. పేజీ అంతా ఆయన కంటితో సరిచూసుకుంటారు. కంప్యూటర్ వచ్చాక ఆయన పని తగ్గిందని ఎవరైనా అంటే ఒక పూట ఆ బల్ల పక్కన కూర్చోమంటాను.

ఇంకో చిరాకు కూడా ఉంది. కొంతకాలంగా రీడింగ్ రూమ్ చదువుకునే చోటులా లేదు. 2024 సెప్టెంబరులో ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ల కోసం మొదలుపెట్టిన సుభద్ర పథకం సంగతి తెలిసిందే కదా, ఏడాదికి పదివేలు, రాఖీ పున్నమికి ఒక విడత, మహిళా దినోత్సవానికి ఇంకో విడత. ఆ రోజులు దగ్గరపడితే చాలు, ఈ-కేవైసీ (ఫోన్‌లో ఆధార్ సరిచూపించుకోవడం) అవలేదనీ, ఓటీపీ రాలేదనీ, మొహం స్కాన్ కావట్లేదనీ ఆడవాళ్లంతా మావయ్య బల్ల చుట్టూ చేరతారు. ఓ పక్క పోటీ పరీక్షల పిల్లలు చెవులు మూసుకుని చదువుకుంటుంటారు. దినపత్రికలు మడత విప్పకుండానే సాయంత్రం అవుతుంది. లైబ్రేరియన్ చేత ఫారాలు నింపించడమేమిటి, దానికి జనసేవా కేంద్రాలున్నాయి కదా అని నా బాధ. ఈ మాటే ఇవాళ గట్టిగా రాద్దామని మొదలుపెట్టాను.

రాస్తుంటే సూరత్ ఉత్తరాలు గుర్తొచ్చాయి.

నా చిన్నప్పుడు మా వీధిలోంచీ, చుట్టుపక్కల పల్లెల్లోంచీ చాలామంది మగవాళ్లు సూరత్ మరమగ్గాల మీద పనికి వెళ్లేవారు. ఇళ్లకి ఇన్‌లాండ్ లెటర్లు వచ్చేవి. చదవడం రాని అమ్మలు, పెళ్లాలు వాటిని కొంగుకి ముడేసుకుని రీడింగ్ రూముకి తెచ్చేవారు. అప్పుడు మావయ్య కుర్రాడు, నల్లటి జుట్టు. నేను కథల పుస్తకం కోసం వెళ్లి వెనక వరండాలో తచ్చాడుతూ ఉండేదాన్ని. ఆయన ఉత్తరం తీసుకుని ముందు మనసులో చదువుకునేవారు. ఆ కాసేపూ ఎదురుగా ఉన్న ఆవిడ ఆయన మొహాన్నే చూస్తూ ఉండేది. మంచి కబురైతే తలెత్తి గబగబా చదివేసేవారు. చెడు కబురైతే నన్ను పిలిచి "వెళ్లి మంచినీళ్లు తేమ్మా" అనేవారు. నీళ్లు అడిగారంటే ఏదో జరిగిందని నాకు అర్థమయ్యేది. ఒకసారి నేను గ్లాసుతో వచ్చేసరికి వరండా తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఏడుపు లేదు, మాట లేదు. గ్లాసు పట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయాను. చాలాసేపటికి మావయ్య తలుపు తీసి గ్లాసు అందుకున్నారు. ఆ ఉత్తరంలో ఏముందో ఇప్పటికీ నాకు తెలీదు. ఊళ్లో ఎవరికీ తెలీదు. ఆయన చెప్పలేదు.

జవాబు రాయించుకునే రోజు ఇంకోలా ఉండేది. ఆవిడ చెప్పినట్టే రాసి, పైకి చదివి వినిపించేవారు. "అలగ కాదు బాబూ, కోపంగున్నట్టుంది" అంటే కొట్టేసి మళ్లీ రాసేవారు. ఆవిడ సరేనన్నాకే అంటించేవారు.

మొన్న కూడా అంతే చేశారు మావయ్య. ఒకావిడ ఫోన్‌లో 'అంగీకరిస్తున్నాను' అనే గడి వచ్చింది. పక్కనున్న కుర్రాడు నొక్కేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ఆ ఒడియా పేరాలో ఏముందో తెలుగులో ఆవిడకి చెప్పి, అర్థమయ్యాక ఆవిడ వేలితోనే నొక్కించారు. ఓటీపీ తనకి కూడా చెప్పొద్దన్నారు, ఆవిడ చేతే కొట్టించారు. పోయిన నెల ఇంకొకావిడ ఫోన్‌లో అప్పులిచ్చే యాప్ ఒకటి కాంటాక్టులన్నీ చూడటానికి అనుమతి అడుగుతుంటే దాన్ని తీయించేశారు.

కాబట్టి ఫారాల మీద నేను రాయాలనుకున్నది ఇప్పుడు రాయలేను. ఆ ఆడవాళ్ల గుంపు లైబ్రరీకి అడ్డం అనిపించడం లేదు. వాళ్లు అక్కడికే రావాలి. డబ్బు పుచ్చుకుని నొక్కేసేవాళ్లు ఊరంతా ఉన్నారు, చదివి వినిపించి నొక్కించేవాళ్లు ఎక్కడున్నారు? కాకపోతే ఒక్క మనిషి ఒకే బల్ల మీద ఇన్ని ఎలా చేస్తాడన్నదే నా ప్రశ్న. చదువుకునే పిల్లలకి నిశ్శబ్దం కావాలి, ఆడవాళ్లకి గోప్యత కావాలి, చంటిగాడి లాంటి వాళ్లకి గంటసేపు ఓపిక కావాలి. ఇద్దరు మనుషులుండాల్సిన చోట ఉన్న ఒక్కణ్ణీ తీసేస్తామంటే ఎలా?

గుంటూరు జిల్లా కాలువల మీద 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో లైబ్రరీ నడిపారు. రేవుల్లో జనం కాచుకుని ఉండేవారట. పడవ ఉంది కాబట్టి లైబ్రేరియన్ అక్కర్లేదని ఆనాడు ఎవరూ అనుకుని ఉండరు. పడవ వచ్చినా, కంప్యూటర్ వచ్చినా, ఎవరికి ఏది కావాలో కనుక్కునే మనిషి అందులో ఉండాలి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో సూత్రం రాశారు. ఆ పాఠకుడెవరో, ఏ వీధిలో ఉంటాడో, ఎవరి మనవడో తెలిసినవాడు మన దగ్గరున్నాడు.

డబ్బు లేదంటారు, అది నిజమే. ఇక్కణ్ణుంచి కూతవేటు దూరంలో, ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను పడుతుంది. ఒడిశాలో 2001లో గ్రంథాలయ చట్టం వచ్చింది గానీ అందులో అలాంటి పన్ను లేదు. మనదేమో సంఘం చందాలతో నడిచే గది. మావయ్యకి ఇచ్చేది గౌరవ వేతనం, అదీ నెల తప్పి నెల. ఆ డబ్బు మిగులుతుందని కంప్యూటర్లు కొంటామంటున్నారు. కొనండి, స్కానర్ కూడా కొనండి, కావాలి. కానీ మావయ్య ఉండగానే ఆయన పక్కన ఒక పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టండి. పోటీ పరీక్షలకి చదువుతున్నవాళ్లలోనే తెలుగు, ఒడియా రెండూ చదవడం వచ్చినవాళ్లున్నారు. స్పెల్లింగులు ఊహించడం, ఉత్తరం ముందు మనసులో చదువుకోవడం, 'లేదు' అని రాసే ముందు అన్ని చోట్లా వెతకడం పక్కన కూర్చుంటేనే వస్తాయి.

వచ్చే నెల మొదట్లో కమిటీ మీటింగు. నేను మెంబర్ని కాను గానీ మామయ్యగారి పేరు మీద మాట్లాడే హక్కుంది. తెలుగులో అర్జీ నేను రాస్తాను, ఒడియాది మా ఆయన చేత రాయిస్తాను. కింద సంతకాలకి ముందు ఆ ఈ-కేవైసీ ఆడవాళ్లనే అడుగుతాను. అర్జీలో ఏముందో మొత్తం చదివి వినిపించాకే.