డీల్ కుదిరింది సరే, పైసలు వచ్చాయా?

షార్క్ ట్యాంక్ ఇండియా అని ఒక టీవీ షో ఉంది. వ్యాపారులు వచ్చి, తమ కంపెనీలో వాటా ఇస్తాం డబ్బు పెట్టమని ‘షార్క్’లనే పెట్టుబడిదారులను అడుగుతారు. అది నిజమా, డ్రామానా అన్న గొడవ 2021 డిసెంబర్‌లో మొదటి సీజన్ మొదలైనప్పటి నుంచి మా ఇంట్లో ఆగలేదు. మా బావ అదంతా ముందే మాట్లాడుకుని వచ్చి కెమెరా ముందు ఆడే ఆట అంటాడు. మా తమ్ముడేమో టీవీలో కూర్చుని చూడదగ్గది అదొక్కటే అంటాడు. ఇద్దరూ ఒకచోట చేరితే అన్నం చల్లారిపోవాల్సిందే. హనుమకొండలో నాకు తెలిసినవాళ్లు కూడా దాదాపు ఇట్లాగే రెండుగా చీలిపోయారు. నేను చిన్న షాపులకు, ఇంట్లో పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్మేవాళ్లకు లెక్కలు రాస్తాను కాబట్టి నాకు ఇంకోరకంగా కనిపిస్తుంది. ఆ షోలో అడిగే ప్రశ్నలు మన వ్యాపారాలకు బాగా పనికొస్తాయి. చివర్లో చప్పట్ల మధ్య చెప్పే ఆ డీల్ అంకెను మాత్రం ఎవరూ నమ్మి తమ వ్యాపారానికి కొలబద్ద చేసుకోకూడదు.

ప్రశ్నల సంగతి ముందు. నాకు తెలిసిన ఒకామె సంక్రాంతికి ముందు ఆర్డర్ల మీద సకినాలు, మురుకులు చేస్తుంది. బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె, గ్యాస్, ఇంతవరకే ఖర్చు రాసుకునేది. తను, తన తోటికోడలు పొద్దంతా కూర్చుని చుట్టిన కూలి లెక్కలో లేదు, విరిగిపోయినవి లేవు, తర్వాత ఇస్తామని తీసుకుపోయినవాళ్ల బాకీ లేదు. కిలో మీద నిజంగా ఎంత మిగులుతుందో చెప్పమని ఆమె నా దగ్గరికి వచ్చింది ఆ షో చూశాకే. నెలకు అమ్మకం ఎంత, తయారీకి ఎంత పడుతుంది, ఒక కొత్త కస్టమర్‌ను తెచ్చుకోవడానికి ఎంత ఖర్చవుతుంది, సరుకు రూపంలో ఎంత డబ్బు ఇరుక్కుపోయింది అని టీవీలో పదే పదే అడగడం వల్ల జనానికి ఈ అలవాటు వచ్చింది. దీన్ని డ్రామా అని నేను ఒప్పుకోను.

ఇక ఆ అంకె. ఒకరు వచ్చి 50 లక్షలకు 5 శాతం వాటా ఇస్తానంటే కంపెనీ విలువ 10 కోట్లని తను చెప్పుకుంటున్నట్టు. షార్క్ అదే 50 లక్షలకు 20 శాతం అడిగితే ఆ విలువ ఒక్క నిమిషంలో రెండున్నర కోట్లకు దిగుతుంది. బావ ఇక్కడే పట్టుకుంటాడు, ఇదేం వ్యాపారం, నోటి లెక్కలు అంటాడు. నిజానికి బేరంలో తప్పేం లేదు. తెర మీద కనిపించనిది వేరే ఉంది. గంటకు పైగా సాగిన సంభాషణ మనకు పది, పదిహేను నిమిషాలకు కోసి చూపిస్తారు, అందులో ఎవరు మూర్ఖుడిలా కనిపించాలో, ఎవరు హీరోలా కనిపించాలో కత్తెర పట్టుకున్నవాళ్ల చేతిలో ఉంటుంది. పైగా అక్కడ చేతులు కలిపినంత మాత్రాన డబ్బు ఖాతాలో పడదు. షూటింగ్ అయ్యాక లెక్కల పుస్తకాలు, పన్ను కాగితాలు, ఒప్పందాలు అన్నీ పరిశీలిస్తారు, అప్పుడు కొన్ని డీల్స్ మారిపోతాయి, కొన్ని ఆగిపోతాయి.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోయిన ఏ రైతును అడిగినా ఇది తేలిగ్గా చెప్తాడు. జెండా పాట ధర, అంటే వేలంలో పలికిన పై ధర, అని పొద్దున ఒక పెద్ద అంకె బయటికొస్తుంది, పేపర్లో అదే పడుతుంది, ఊళ్లో అందరూ ఈసారి మిర్చికి భలే ధర పలికిందనుకుంటారు. తీరా చూస్తే ఆ ధర దొరికేది మంచి సరుకున్న కొన్ని బస్తాలకే. మిగతావాటికి తేమ ఉందనో, తాలు కాయ కలిసిందనో, రంగు తగ్గిందనో కోత పడుతుంది. టీవీలో డీల్ నాకు ఆ జెండా పాట లాగే కనిపిస్తుంది. అది అబద్ధమేమీ కాదు, కానీ రైతు చేతికొచ్చిన చిట్టీ మాత్రం వేరే ఉంటుంది, ఆ చిట్టీని మనకు ఎవరూ చూపించరు.

న్యాయం గురించి తమ్ముడితో నాకు పడదు. మొదటి సీజన్‌కు 62 వేల దాకా దరఖాస్తులు వచ్చాయని, అందులో 198 మందికి షార్కుల ముందు తమ వ్యాపారం గురించి చెప్పుకునే (పిచ్ చేసే) అవకాశం దొరికిందని, 67 డీల్స్ కుదిరాయని అప్పట్లో వార్తలొచ్చాయి. అంటే మూడు వందల మందిలో ఒకరు కూడా లోపలికి పోలేదు. అందరికీ తలుపు తెరిచే ఉంది కదా అంటాడు తమ్ముడు. తెరిచే ఉంది, కానీ అందులోంచి పోవాలంటే హిందీనో ఇంగ్లిషో గడగడా మాట్లాడాలి, శాతాలు నాలుక మీద ఉండాలి, చేతిలో మంచి ప్యాకింగ్ ఉండాలి. రెండో సీజన్ నుంచి అప్పటికే ఫండింగ్ తెచ్చుకున్న కంపెనీలు కేవలం ప్రచారం కోసం వస్తున్నాయని చాలామంది కోప్పడ్డారు, ఆ కోపం సరైనదే అని నా అభిప్రాయం. ఒక ఎపిసోడ్‌లో చోటంటే అది ఎవరో ఒక చిన్నవాడి నోటి దగ్గరి ముద్ద. 2023లో ఆహా ఓటీటీలో ఆడవాళ్ల కోసం ఇట్లాంటి షోనే ‘నేను సూపర్ ఉమన్’ వచ్చినప్పుడు మన ఆడవాళ్లు తెలుగులో తమ లెక్క తాము చెప్పుకోవడం చూసి నాకు నిజంగా సంతోషమేసింది. అట్లాంటివి ఇంకా రావాలి.

అసలు బాధ ఇంకొకటి. మా వరంగల్ కొత్తవాడ చేనేత కార్మికుల దరీలకు (నేల మీద పరుచుకునే తివాచీలకు) 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్లలో ఒకరు వెళ్లి ఆ షోలో కార్పెట్ మీద షార్కుల ముందు నిలబడితే మొట్టమొదటి ప్రశ్న ఏముంటుంది? దీన్ని పది రెట్లు ఎట్లా పెంచుతారు అని. మగ్గం మీద చేత్తో నేసేది పది రెట్లు పెరగాలంటే పది రెట్లు మంది నేయాలి, వాళ్లందరికీ కూలి గిట్టాలి. ఆ జవాబు విని షార్కులు వెంటనే ‘ఐ యామ్ ఔట్’, అంటే నేను డబ్బు పెట్టను అంటారు. పెట్టుబడి పెట్టేవాళ్ల వైపు నుంచి అది న్యాయమే, ఎందుకంటే వాళ్ల డబ్బు కొన్నేళ్లలో చాలా రెట్లు కావాలి. కానీ ఇంట్లో సోఫా మీద కూర్చుని చూసే పిల్లవాడికి మాత్రం తన నాయిన చేసేది వ్యాపారమే కాదన్న మాట చెవిలో పడుతుంది. నలుగురికి పని ఇచ్చి, పిల్లలను చదివించి, బాకీ లేకుండా బతికే దుకాణం ఫెయిల్ అయిన దుకాణం ఎట్లా అవుతుంది?

మొదటి సీజన్‌లో మాలేగావ్ నుంచి వచ్చిన రైతు గుర్తున్నాడా, పొలంలో పురుగుల మందు కొట్టే బండి తయారుచేసినాయన? షార్కుల్లో ఒకరైన పీయూష్ బన్సల్ 40 శాతం వాటాకు 10 లక్షలు, దానితో పాటు వడ్డీ లేకుండా 20 లక్షల అప్పు ఇస్తామన్నారు. 40 శాతమా, దోపిడీ అని బావ, దేవుడిలా ఆదుకున్నాడని తమ్ముడు. నేను చూసింది ఆ 20 లక్షలనే. మా దగ్గర నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చి నడిపే చిన్నవాళ్లకు కావలసింది మిత్తి లేని డబ్బు, కొంచెం గడువు. వాటా అమ్ముకోవడం కాదు. షార్కులు రాయల్టీ, అంటే ప్రతి అమ్మకంలో తమకు ఇంత శాతం, అన్నప్పుడైతే నాకు ఇంకా భయం. రాయల్టీ అమ్మకం మీద పోతుంది, లాభం మీద కాదు. వందకు 8 రూపాయలు మిగిలే వ్యాపారంలో 2 శాతం రాయల్టీ అంటే లాభంలో పావు వంతు పోయినట్టే, అమ్మకం ఉండి లాభం లేని నెలలో కూడా కట్టాల్సిందే. టీవీలో మాత్రం అది చిన్న అంకెలా వినిపిస్తుంది.

షార్కులు కసురుకుంటారు, అవమానిస్తారు అన్నదాని మీద నాకు పెద్ద పట్టింపు లేదు. బ్యాంకులో అంతకన్నా ఎక్కువే పడతాం.

నేను కోరేదల్లా ఒకటే. ప్రతి సీజన్ అయ్యాక ఎన్ని డీల్స్‌కు డబ్బు నిజంగా ముట్టింది, ఎన్ని మారాయి, ఎందుకు ఆగాయి అన్నది వాళ్లే తెర మీద చెప్పాలి. అడిగితే మారదని అనుకోవద్దు. దీనికి మూలమైన అమెరికా షార్క్ ట్యాంక్ షోలో మొదట్లో పాల్గొన్న ప్రతివారి నుంచీ 5 శాతం వాటా గానీ 2 శాతం లాభం గానీ నిర్మాణ సంస్థకు దక్కేలా షరతు ఉండేది. అక్కడి షార్కుల్లో ఒకరైన మార్క్ క్యూబన్ గట్టిగా పట్టుబట్టాక 2013లో తీసేశారు.

అప్లై చేయాలా అని ఈ మధ్య నా దగ్గరికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. చేయమనే చెప్పాను. ముందు పన్నెండు నెలల అమ్మకం, ముడిసరుకు బిల్లులు, మీ ఇంటివాళ్ల కూలి, రావలసిన బాకీలు ఒక్క కాగితం మీద రాసుకుని రమ్మన్నాను. షోకు ఎంపిక కాకపోయినా అదే కాగితం పట్టుకుని ముద్రా లోన్‌కు బ్యాంకుకు పోవచ్చు, 10 లక్షల వరకు తాకట్టు అడగరు.