జెల్ ఖాళీగా వచ్చిన మూడు వారాలు

పోస్ట్‌డాక్‌గా ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు అప్పగించిన పని వినడానికి చాలా చిన్నది. ఇన్‌ఫ్లూయెంజా పాలిమరేజ్ (ఫ్లూ వైరస్ ఆర్‌ఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్), చిన్న ఆర్‌ఎన్‌ఏ టెంప్లేట్ (కాపీకి మూలం), రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్ ఉన్న న్యూక్లియోటైడ్ (ఆర్‌ఎన్‌ఏలో ఒక అక్షరం) ఒకే ట్యూబులో వేసి, కాపీ తయారైందో లేదో జెల్ మీద, అంటే ఆర్‌ఎన్‌ఏని పొడవు బట్టి విడదీసే పొర మీద, చూడాలి. మూడు వారాలు చూశాను. కింద, వాడకుండా మిగిలిన న్యూక్లియోటైడ్ నల్లటి మరక, పైనంతా తెలుపే. ఫాస్ఫరస్-32 సుమారు 14 రోజులకు సగమైపోతుంది కదా, పాతబడిందేమోనని కొత్తది తెప్పించాను, అదీ అంతే. కాంట్రాక్టు ఏడాదికే, వీసా దానికే ముడిపడి ఉంది, ఆ టెన్షన్‌లో ఎవర్నీ అడగలేదు, అడిగితే పని రాదనుకుంటారని.

చివరికి పక్క బెంచీ ఆవిడే జెల్ చూసి, "ఫైవ్ ప్రైమ్ ముక్క వేశావా?" అంది.

ఆర్‌ఎన్‌ఏ పోగుకి ఒక కొస ఫైవ్ ప్రైమ్, రెండోది త్రీ ప్రైమ్. ఆవిడ అడిగింది ఫైవ్ ప్రైమ్ కొస ఉన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ గురించి. వెయ్యలేదు. ఎందుకు వేస్తాను? పాలిమరేజ్ చదవడం మొదలుపెట్టేది త్రీ ప్రైమ్ కొస నుంచి, ఆ కొస ఉంటే చాలనుకున్నాను. డీఎన్‌ఏ ప్రొమోటర్ల (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే భాగాల) మీద పీహెచ్‌డీ చేసిన బుర్ర మరి! ఫ్లూలో ఆ లెక్క కుదరదు. దీని జీనోమ్ 8 ముక్కలు, ప్రతి ముక్కకీ త్రీ ప్రైమ్ చివర 12 అక్షరాలు, ఫైవ్ ప్రైమ్ చివర 13 అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి, ఈ రెండు కొసలూ కలిస్తేనే ప్రొమోటర్. ఫైవ్ ప్రైమ్ కొస తనలో తనే మడతపడి కొక్కెంలా తయారై పాలిమరేజ్‌లోని ఒక గుంటలోకి దిగుతుంది, పాలిమరేజ్‌లోని పీఏ, పీబీ1 అనే ప్రొటీన్లు రెండూ కలిసి దాన్ని పట్టుకుంటాయి. అది దిగాకే ఎంజైమ్‌లో అటూ ఇటూ ఊగే భాగాలు కుదురుకుంటాయి. 2014లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నుంచి వచ్చిన పాలిమరేజ్ స్ఫటిక నిర్మాణంలో ఇదంతా కనిపిస్తుంది. ఆ బొమ్మ నా ప్రెజెంటేషన్‌లో కూడా పెట్టుకున్నాను, నా ట్యూబుకీ వర్తిస్తుందని మాత్రం తట్టలేదు.

మర్నాడు ఆ ముక్క కూడా వేసి నడిపాను. స్క్రీన్ మీద సన్నగా, కొంచెం వంకరగా, ఒక బ్యాండు, అంటే తయారైన కాపీ గీత. తర్వాత కొక్కెంలో జతకట్టే అక్షరం ఒకటి మారిస్తే బ్యాండు మాయమైంది, దాని జతనీ తగ్గట్టుగా మారిస్తే చాలావరకు తిరిగొచ్చింది. అంటే అక్కడ అక్షరం కన్నా ఆకారానిదే పైచేయి.

ఆవిడ బ్యాండు చూసి మెచ్చుకోలేదు. "ఇక త్రీ ప్రైమ్‌లో నాలుగో అక్షరం చూడు, అది ముక్కముక్కకీ మారుతుంది" అని వెళ్లిపోయింది. ఈసారి ఎందుకని అప్పుడే వెంటపడి అడిగాను.