ఆర్‌బీ26కి బూస్ట్ పెంచే ముందు

ఆర్‌బీ26 ఇంజన్ ఉన్న నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ (ఆర్32) కారు చేతికి రాగానే అందరి చూపూ బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచే కంట్రోలర్ మీదే. తొందరపడొద్దు. కంపెనీ టర్బోల్లో ఎగ్జాస్ట్ వైపు చక్రం సిరామిక్‌ది. బూస్ట్ 1 బార్ దాటించి గట్టిగా తోలితే అది షాఫ్ట్ నుంచి ఊడి ముక్కలైపోతుంది. స్టీల్ చక్రాల టర్బోలు రెండూ ఒకేసారి మార్చండి.

నాకు అసలు భయం ఆయిల్ పంపు దగ్గరే. తొలి ఆర్32 క్రాంక్‌షాఫ్ట్‌ల (పిస్టన్లు తిప్పే ఇరుసుల) మీద పంపును తిప్పే భాగం మరీ పొట్టి. రెవ్ లిమిటర్‌కు (ఇంజన్ వేగాన్ని గరిష్ఠ హద్దు దగ్గర ఆపేదానికి) పదేపదే కొడితే పంపు గేరు పగులుతుంది, ప్రెషర్ పడిపోతుంది, క్షణాల్లో బేరింగులు పోతాయి. ఇంజన్ దించినప్పుడే పంపును తిప్పే ఆ భాగానికి వెడల్పాటి కాలర్, గట్టి పంపు వేయించేయండి, ఖర్చు చూడొద్దు.

కంపెనీ 444 సీసీ ఇంజెక్టర్లు (పెట్రోల్ చిమ్మేవి), పాత ఫ్యూయల్ పంపు అలాగే ఉంచి బూస్ట్ ఎక్కిస్తే పెట్రోల్ చాలక మిక్చర్ లీన్ అయి పిస్టన్ కాలుతుంది. ముందు ఇవి మార్చండి, తర్వాత ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూనింగ్, బూస్ట్ ఆఖర్న.